రెండో పిలుపు

ఒకటి, అని పిలిచాడు సభ గుమస్తా. మొదటి వరుసలో కుర్చీ కిర్రుమంది. అనుకూలం, అంది ఒక గొంతు. ఒకటి, అనుకూలం, అని గుమస్తా తిరిగి చదివి పెద్ద పుస్తకంలో గీత పెట్టాడు. రెండు. వ్యతిరేకం. మూడు. ఈ సభలో ఓటింగుకు పేర్లు పిలవరు, సీటు నంబర్లు పిలుస్తారు. పిలిచినవాళ్ళు లేచి, మైకు ముందు ఒక్క మాట చెప్పి కూర్చోవాలి. ఒక్కో నంబరుకు పావు నిమిషం పడుతుంది. నా నంబరు నూట పన్నెండు. అంటే నాకు దగ్గర దగ్గర అరగంట ఉంది. ఇవాళ పొద్దున ఒక మనిషికి మాట ఇచ్చాను. అది నిలబెట్టుకుంటే ముప్ఫై ఏళ్ళుగా మోసుకొచ్చిన నా బిల్లు ఓడిపోతుంది. తప్పితే గెలుస్తుంది. రెండూ కలిసొచ్చే దారి లేదు. భోజనం సగంలో వదిలేసి మరీ వెతికాను. లేదు.

ఏడు, అనుకూలం. ఎనిమిది, అనుకూలం. తలెత్తి పైకప్పు చూశాను. ఎనిమిదేళ్ళుగా ఇక్కడే కూర్చుంటున్నాను, అయినా తలెత్తినప్పుడల్లా నోరు తెరుచుకుంటుంది. అంత ఎత్తున అన్ని అద్దాలు ఎవరు బిగించారో, ఎవరు తుడుస్తారో, తుడిచేవాళ్ళు ఎక్కడ నిలబడతారో. కొత్తలో ఒకసారి అడిగితే పక్క సీటాయన నన్ను వింతగా చూసి, ఆ ప్రశ్న రాతపూర్వకంగా ఇవ్వమన్నాడు. చెక్క బల్లలకు రాసే మెరుగునూనె వాసన, కాలి కింద తివాచీ, మైకు మీద వెలిగే ఎర్ర దీపం. ఆ దీపం వెలిగితే నేనన్న మాటను దేశం మొత్తం వింటుంది. నా యాసను బస్సు కండక్టరు కూడా రెండుసార్లు అడిగించుకునేవాడు. అలాంటి నా మాటను ఇప్పుడు ఇద్దరు లఘులేఖకులు వంచిన తల ఎత్తకుండా రాసుకుంటారు. నిజమా ఇది అని ఎన్నిసార్లు అనుకున్నానో. నేను మొదటిసారి ఈ భవనానికి వచ్చింది విహారయాత్రకి, నలభై మంది పిల్లల్ని వెంటేసుకుని. గేటు దగ్గర కాపలాదారు పిల్లలందర్నీ లోపలికి వదిలాడు. నన్ను ఆపాడు. పౌరులకు మాత్రమే అనుమతి, పిల్లలకు మినహాయింపు, టీచర్లకు లేదు, అన్నాడు చాలా మర్యాదగా. నా క్లాసు నేను లేకుండానే లోపలికి వెళ్ళింది. నేను గేటు బయట రెండు గంటలు నిలబడ్డాను. పిల్లలు బయటికి వస్తుంటే లెక్కపెట్టాను. ముప్ఫై తొమ్మిది. నలభయ్యోవాడు పైన సందర్శకుల గ్యాలరీలో నిద్రపోతున్నాడట, ఒక మంత్రిగారు మాట్లాడుతుండగా. వాణ్ణి భుజాన వేసుకొచ్చిన కాపలాదారు, వీడొక్కడికే లోపలేం జరుగుతుందో అర్థమైందమ్మా, అన్నాడు.

పదహారు, వ్యతిరేకం. పదిహేడు, వ్యతిరేకం. ఇప్పుడు ఆ గ్యాలరీలో నా కూతురు కూర్చుని ఉంది. పళ్ళ డాక్టరు. సగం రోజు సెలవు పెట్టి వచ్చింది. తెల్ల కోటు మడిచి ఒళ్ళో పెట్టుకుంది. కూర్చుంటే గ్యాలరీ కటకటాలు అడ్డొచ్చి మొహం సరిగా కనిపించడం లేదు, ముందుకు వంగి కూర్చోవడం మాత్రం కనిపిస్తోంది. చిన్నప్పుడూ అలాగే కూర్చునేది, ఒళ్ళో గ్లోబు పెట్టుకుని.

గ్లోబు సంగతి తర్వాత. ముందు ఇవాళ పొద్దున సంగతి. ఎందుకు చేశాను ఆ పని? పదింటికి నడవలో టీ యంత్రం దగ్గర నిలబడి ఉన్నాను, కప్పు సగం నిండింది, వెనక నుంచి టీచరమ్మా అని వినిపించింది. ఆ గొంతు నాకు చీకట్లో వినిపించినా తెలుస్తుంది. గడియారం. అవతలి పక్షంలో నలభై ఒకటో నంబరు సీటు. అసలు పేరు సభలో ఎవరూ వాడరు, ఆయన పార్టీవాళ్ళు కూడా. ఎవరైనా రెండు నిమిషాలు ఎక్కువ మాట్లాడితే చొక్కా చెయ్యి పైకి లాగి చేతి గడియారం చూసుకుంటాడు. మంత్రులకు కూడా మాట తడబడుతుంది. పాత స్కూలు ఇన్‌స్పెక్టరు. డెబ్బై రెండేళ్ళు. ఎనిమిదేళ్ళుగా నేను పెట్టిన ప్రతి సవరణనూ వ్యతిరేకించాడు, ఒక్కటి కూడా వదిలిపెట్టకుండా. ఇవాళ మాత్రం గడియారం చూసుకోవడం లేదు.

"పదకొండు మందిని అడిగాను టీచరమ్మా. పదకొండు మందికీ అప్పుడే పనులు గుర్తొచ్చాయి."

"అయితే పన్నెండోదాన్ని నేనన్నమాట."

"మిమ్మల్ని అడగకూడదనే అనుకున్నాను. ఇది మీ బిల్లు."

ఏమిటని నేను అడగలేదు. తెలుసు. ఆయన భార్యకు రెండింటికి గుండె ఆపరేషన్. సభ వెనక వీధి దాటితే ఆసుపత్రి. ఓటింగూ రెండింటికే. ఈ సభలో జోడీ అని ఒక ఆచారం ఉంది. అటువైపు ఒకరు రాలేని పరిస్థితిలో ఉంటే, ఇటువైపు ఒకరు తమ ఓటు వేయకుండా ఊరుకుంటారు. రెండు పక్షాల బలాబలాలు మారవు. దీనికి దరఖాస్తు ఉండదు, సంతకం ఉండదు, సాక్షి ఉండడు. నోటి మాట, చేతిలో చెయ్యి, అంతే. జోడీ దొరక్కపోతే ఆయన పార్టీ ఆయన్ని కదలనివ్వదు.

"ఆపరేషన్ ఎన్నింటికన్నారు?"

"రెండింటికి."

"వెళ్ళండి. మీరు లేకుండా నేను ఓటు వేయను."

ఆయన చెయ్యి చాచాడు. పట్టుకున్నాను. చల్లగా ఉంది. అప్పటికి టీ పొంగి నా చెప్పుల మీద పడుతోంది.

ఇరవై నాలుగు, అనుకూలం. ఆ క్షణంలో నేనేదో త్యాగం చేశానని అనుకోను. లెక్కల టీచర్ని, లెక్క తెలుసు. స్పీకరును వదిలేస్తే నూట యాభై మంది. మాకు డెబ్బై అయిదు, వాళ్ళకు డెబ్బై అయిదు. సరిసమానమైతే బిల్లు పోయినట్టే, అది సభ నియమం. గడియారం కూర్చుని ఓటు వేస్తే పోతుంది. గడియారం వెళ్ళిపోయి, నేనూ ఊరుకుంటే డెబ్బై నాలుగు, డెబ్బై నాలుగు, అప్పుడూ పోతుంది. మాట ఇచ్చినందువల్ల నాకు పోయేది ఏమీ లేదు. ఎలాగూ ఓడిపోయే బిల్లు, ఒక ముసలాయన భార్య పక్కన ఉంటే నాకేం పోయింది అనుకున్నాను. నడవ మలుపు తిరిగాక కాళ్ళు ఆగిపోయాయి. ఆయన వెళ్ళిపోయాడు. ఇప్పుడు నేను లేచి అనుకూలం అంటే డెబ్బై అయిదుకి డెబ్బై నాలుగు. గెలుపు. ఆ ముసలాయన్ని బయటికి పంపిన మాటే నా బిల్లుకు తలుపు తెరిచింది. ఆ మాటను తొక్కుకుంటూ లోపలికి వెళ్ళాలి, అంతే తేడా.

మా పార్టీ ఓట్లకు కాపలా కాసే విప్‌కి ఈ సంగతి మధ్యాహ్నం తెలిసింది. నాకన్నా పదిహేనేళ్ళు చిన్న, అక్కా అంటాడు, నేను ఏ సభలో తిట్లు తిన్నా బయట నా సంచీ పట్టుకుని నిలబడేవాడు. భోజనాల గదిలో నా ఎదురు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"ఎవర్నడిగి ఇచ్చావక్కా ఆ మాట?"

"నన్ను నేనే అడిగాను తమ్ముడూ."

"నాకొక ముక్క చెప్పొద్దూ?"

"చెప్తే ఇవ్వనిచ్చేవాడివా?"

"చచ్చినా ఇవ్వనిచ్చేవాణ్ణి కాదు."

"అందుకే చెప్పలేదు."

కుర్చీ ఇంకా ముందుకు జరుపుకున్నాడు. తర్వాత గొంతు తగ్గించి, వాళ్ళు మనకు రెండుసార్లు జోడీ ఎగ్గొట్టారని, పేపర్లవాళ్ళు రెండు రోజులు రాసి ఊరుకుంటారని, చట్టం మాత్రం వందేళ్ళు ఉంటుందని చెప్పాడు. అన్నీ నిజాలే. చివర్న ఒక్క మాటన్నాడు. "అయినా అక్కా, అది కాగితం మీద ఉందా ఏమన్నా?"

అతనికి తెలియకుండానే అన్నాడు. నా నోట్లో ముద్ద అలాగే ఉండిపోయింది. కాగితం. నా బిల్లు మొత్తం ఒకే వాక్యం: బడిలో చేర్చుకునేటప్పుడు ఏ బిడ్డనూ కాగితాలు అడగకూడదు. ముప్ఫై రెండేళ్ళ కిందట ఈ దేశంలో దిగినప్పటి నుంచి నన్ను అడగని కాగితం లేదు. పుట్టినట్టు కాగితం, చదివినట్టు కాగితం, పెళ్ళయినట్టు కాగితం, నాకు ఏ జబ్బూ లేనట్టు కాగితం. మా ఆయన దర్జీ. నాకు కుట్టిన ప్రతి కోటుకూ లోపలివైపు ఒక దొంగజేబు పెట్టేవాడు, కాగితాల కోసం. ఇప్పుడు నేను వేసుకున్న కోటుకూ ఉంది. ఇప్పుడు నన్ను అడిగేవాళ్ళు లేరయ్యా అంటే, నా చేతికి అలవాటైపోయింది ఉండనీ, అంటాడు. అలాంటి నేను, నడవలో, టీ పొంగుతుంటే, ఏ కాగితమూ లేకుండా నోటి మాట ఇచ్చాను. నన్ను రాతపూర్వకంగా తప్ప ఎన్నడూ నమ్మని దేశంలో ఒక మనిషి దాన్ని పట్టుకుని, రెండో మాట అడక్కుండా ఆసుపత్రికి వెళ్ళిపోయాడు.

ముప్ఫై తొమ్మిది, వ్యతిరేకం. నలభై, వ్యతిరేకం. నలభై ఒకటి.

సభంతా అటు తిరిగింది. ఖాళీ కుర్చీ. గుమస్తా కళ్ళద్దాలు సర్దుకుని మళ్ళీ పిలిచాడు, నలభై ఒకటి. లేరు, అని రాసుకున్నాడు. వెనక బెంచీల్లో గుసగుసలు, మా వైపు కొందరి మొహాల్లో వెలుగు. వాళ్ళకు ఇంకా తెలియదు. విప్ మాత్రం నా వైపే చూస్తున్నాడు.

లేరు. రిజిస్టరులో ఆ మాట రాయడం నాకు ఎప్పుడూ చేతయ్యేది కాదు. నా క్లాసులో హాజరు రెండుసార్లు పిలిచేదాన్ని. గంట కొట్టగానే ఒకసారి, మొదటి పీరియడు అయ్యాక ఇంకోసారి. ఫ్యాక్టరీ వెనక వీధుల నుంచి నడిచివచ్చే పిల్లలు, తమ్ముళ్ళను ఎత్తుకుని ఆడించి వచ్చే పిల్లలు రెండో పిలుపుకు అందుకునేవాళ్ళు. గంటకు లేడు కాబట్టి రోజంతా లేడని ఎలా రాస్తాం? ఒకరోజు తనిఖీకి ఇన్‌స్పెక్టరు వచ్చాడు. నలభై ఏళ్ళ మనిషి, ఇస్త్రీ చొక్కా, చేతి గడియారం. నేను రెండో హాజరు పిలుస్తుంటే గుమ్మంలో నిలబడి గడియారం చూసుకున్నాడు. నా భయం హాజరు గురించి కాదు. నల్లబల్ల పక్కన సామాను గది ఉంది. అందులో నా కూతురు ఉంది.

ఏడేళ్ళది అప్పుడు. నేను వచ్చిన ఏడాదికి మా అక్క వెంట వచ్చింది. నాకు పని కాగితం ఉంది, పిల్లకు ఏ కాగితమూ లేదు. తల్లి కాగితం బిడ్డకు చెల్లదు. నేను పాఠం చెప్పే బడిలో నా బిడ్డకు సీటు లేదు. అక్క తిరిగి వెళ్ళిపోయింది, మా ఆయన పొద్దున్నే కుట్టుపనికి పోయేవాడు, ఇంట్లో చూసుకునే దిక్కు లేదు. అందుకని పొద్దున్నే అందరికన్నా ముందు తీసుకొచ్చి, చుట్టిన పటాల మధ్య, విరిగిన బల్లల మధ్య, కాలు ఊడిన గ్లోబు ఒళ్ళో పెట్టి కూర్చోబెట్టేదాన్ని. సాయంత్రం అందరూ వెళ్ళాక బయటికి తెచ్చేదాన్ని. ఒక పూర్తి సంవత్సరం. నేను క్లాసులో అందరికీ చెప్పే పాఠం గోడ అవతల ఒక పిల్ల వింటోందని ఎవరికీ తెలియదు. ఎంత గొంతు చించుకుని చెప్పేదాన్నో. చెవిటి టీచరనుకునేవాళ్ళు నన్ను. క్లాసులో ఎవరైనా తప్పు జవాబు చెబితే గోడ మీద టక్కుమని ఒక్క దెబ్బ వినిపించేది. ఎలుకలు, అని చెప్పేదాన్ని పిల్లలకు. ఈ ఎలుకకు ఎక్కాలు బాగా వచ్చు.

ఆరోజు ఇన్‌స్పెక్టరు మొదటి బెంచీ వాణ్ణి లేపి, ఏడు ఎనిమిదులు ఎంత అన్నాడు. యాభై నాలుగు, అన్నాడు వాడు. టక్.

ఇన్‌స్పెక్టరు తల తిప్పాడు. నేను ఏదో అనబోయాను. ఆయన అప్పటికే సామాను గది తలుపు తీశాడు. వీపు నా వైపు. ఎంతసేపు నిలబడ్డాడు? పది సెకన్లు? పదేళ్ళు? తర్వాత చొక్కా చెయ్యి పైకి లాగి గడియారం చూసుకున్నాడు, తలుపు మూశాడు, "ఎలుకలున్నాయి, మందు పెట్టించండి" అని చెప్పి వెళ్ళిపోయాడు. సాయంత్రం పిల్లను అడిగాను, నిన్ను చూశాడా అని. లేదమ్మా, నేను కళ్ళు గట్టిగా మూసుకున్నాగా, అంది.

నివేదిక వారానికి వచ్చింది. నాలుగు వాక్యాలు. బల్లలు విరిగినవి. హాజరు రెండుసార్లు పిలుచుట నిబంధనలకు విరుద్ధము. ఎలుకలు కలవు. ఉపాధ్యాయురాలి అర్హత పత్రములు పరిశీలించవలెను. పిల్ల గురించి ఒక్క అక్షరం లేదు. చూశాడా, చూడలేదా? చూసి ఉంటే ఎందుకు రాయలేదు? చూడకపోతే పది సెకన్లు ఏం చూశాడు? ఎలుకలనా? ఆ నాలుగో వాక్యం నా ఉద్యోగం పీకేసింది, మా ఊరి డిగ్రీ ఇక్కడ పనికిరాదని. ఆ నాలుగో వాక్యమే నన్ను ఈ కుర్చీ దాకా తోసింది కూడా. బడి గేటు బయట ఫుట్‌పాత్ మీద నల్లబల్ల ఆనించి పాఠం మొదలుపెట్టాను, కాగితాలు లేని పిల్లలందరికీ. మొదటి రోజు ఒక్క పిల్ల, నాదే. నెలకు అరవై మంది. పోలీసులు బల్ల తీసుకుపోతే తల్లులు గోడకు నల్ల రంగు పూశారు. ఆ గోడ దగ్గర నుంచి సంఘం, సంఘం నుంచి నగర సభ, రెండుసార్లు ఓటమి, మూడోసారి ఇక్కడ. చెబితే నాలుగు ముక్కల్లో అయిపోతుంది. అందులో ఎన్ని జతల చెప్పులు అరిగాయో మా ఆయనకు తెలుసు.

డెబ్బై మూడు, అనుకూలం. డెబ్బై నాలుగు, వ్యతిరేకం. ఇక్కడికి వచ్చిన మొదటి రోజు, మొదటి ఓటింగు, గుమస్తా నూట పన్నెండు అని పిలవగానే దిగ్గున లేచి హాజరు అన్నాను. సభ విరగబడి నవ్వింది. స్పీకరు కూడా. ఇరవై ఏళ్ళు పిలిచిన నోరు, ఎవరైనా పిలిస్తే పలికే మాట అదొక్కటే. అవతలి వైపు నుంచి ఒక గొంతు, టీచరమ్మను కూర్చోబెట్టండి, ఇంకా గంట కొట్టలేదు, అంది. అది గడియారం. ఆ రోజు నుంచి నేను టీచరమ్మనయ్యాను, ఆయన్ని గడియారమని మొదట పిలిచింది నేనే. తెల్లారి నడవలో ఎదురుపడ్డాడు. నన్ను గుర్తుపట్టాడు, నేనూ పట్టాను. ఇద్దరం తల ఊపాం. ఆ గది గురించి నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. ఎనిమిదేళ్ళు. నేను అడగకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఎన్నికలప్పుడు, సామాను గది కథ ఉపన్యాసంలో చెప్పమని విప్ బతిమాలాడు. కూతుర్ని అడిగాను. "నన్ను పోస్టరు చెయ్యకమ్మా. ఆ గది నాది," అంది. ఆ కథ ఏ మైకు ముందూ చెప్పలేదు. మా ఇంట్లో ముగ్గురికి, విప్‌కి తప్ప ఎవరికీ తెలియదు. విప్ కూడా మాట మీద ఉన్నాడు, పాపం. నోటి మాటే. దానికీ కాగితం లేదు.

తొంభై ఎనిమిది, అనుకూలం. తొంభై తొమ్మిది, అనుకూలం. ఇప్పుడు కూడా ఏ దేశంలోనో ఏ ఊళ్ళోనో కాదు, ఈ ఊళ్ళోనే, ఏదో బడి సామాను గదిలో ఒక పిల్ల కూర్చుని ఉంటుంది. నేను నోరు తెరిచి ఒక్క మాట అంటే రేపు బయటికి వస్తుంది. ఆ పిల్లకు నా నోటి మాటతో ఏం పని, గడియారం భార్య గుండెతో ఏం పని? లే, చెప్పు, తర్వాత ఎవరేమన్నా పడు. ఎన్ని మాటలు పడలేదు. కానీ కాగితం లేనిది లెక్కలోకి రాదని ఈ సభలో అందరి ముందూ మొదట ఒప్పుకునేది నేనే అవుతాను. ముప్ఫై ఏళ్ళుగా నా కూతురికి చెప్పింది ఏమిటి? కాగితం లేకపోయినా నువ్వున్నావు తల్లీ. నూట ఎనిమిది. నూట తొమ్మిది. నా ముందు సీటాయన లేచి, చెప్పి, కూర్చున్నాడు.

నూట పన్నెండు.

ఎర్ర దీపం వెలిగింది. లేచి మైకు ముందుకు వంగాను. "నలభై ఒకటో నంబరు సభ్యుడితో నాకు జోడీ ఉంది," అన్నాను. నా యాస నాకే వినిపించింది. "ఆయన ఇక్కడుంటే వ్యతిరేకం అనేవారు. నేను అనుకూలం అనేదాన్ని. అందుకని నా ఓటు ఆపుకుంటున్నాను."

ఎవరూ నవ్వలేదు. లఘులేఖకులిద్దరూ తలలు ఎత్తారు, ఎనిమిదేళ్ళలో మొదటిసారి. గుమస్తా చెయ్యి పుస్తకం మీద ఆగింది. నూట పన్నెండు, ఓటు వేయలేదు. విప్ రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు. నేను కూర్చున్నాను. ఏడుపు వస్తుందనుకున్నాను, రాలేదు. పైకప్పు అద్దాలు చూస్తూ ఉండిపోయాను. ఇంత పెద్ద భవనం, ఇన్ని రాళ్ళు, ఇన్ని స్తంభాలు. అన్నీ కలిసి ఒకరి మాట ఒకరు నమ్మడం మీదే నిలబడి ఉన్నాయా? నిజంగా అదేనా అడుగున ఉన్నది? చిన్నపిల్లలా ఆశ్చర్యంగా ఉంది. గేటు బయట నిలబడ్డ రోజున నేను లోపల ఏదో ఉందనుకున్నానే, ఇదే కాబోలు.

నూట నలభై ఎనిమిది. నూట నలభై తొమ్మిది. నూట యాభై, వ్యతిరేకం. డెబ్బై నాలుగు, డెబ్బై నాలుగు. స్పీకరు గొంతు సవరించుకుంది. రెండో పిలుపు, అంది.

ఓటు వేయని నంబర్లను ఫలితం చెప్పే ముందు ఇంకోసారి పిలవడం ఈ సభ పద్ధతి. ఇక్కడికి వచ్చిన కొత్తలో అది చూసి నా కళ్ళు చెమర్చాయి. నా క్లాసులో నిబంధనలకు విరుద్ధమన్నది దేశాన్ని నడిపే గదిలో నిబంధనట. ఇవాళ రెండో పిలుపుకు రెండే నంబర్లు. విప్ ఇప్పుడు మొహం ఎత్తి, రెండు చేతులూ జోడించి నా వైపు చూస్తున్నాడు. ఇంకా అవకాశం ఉందక్కా. చూపు తిప్పుకున్నాను.

"నలభై ఒకటి."

గుమస్తా కలం ఎత్తాడు.

"హాజరు."

గుమ్మంలో నుంచి. సభ గిర్రున తిరిగింది. గడియారం. చొక్కా గుండీ ఒకటి ఊడి ఉంది, మెట్లు ఎక్కిన ఆయాసం, కాళ్ళకు ఆసుపత్రిలో తొడిగే నీలం తొడుగులు అలాగే ఉన్నాయి. వచ్చేశాడు కాబట్టి జోడీ లేదు. నేను వేయొచ్చు, ఆయనా వేస్తాడు. డెబ్బై అయిదు, డెబ్బై అయిదు. మళ్ళీ మొదటికే.

ఆయన తన సీటు దాకా రాలేదు. దగ్గర్లో ఉన్న మైకు అందుకున్నాడు. "ఈ బిల్లు తప్పని ఇప్పటికీ నా అభిప్రాయం. అది రాసుకోండి," అన్నాడు. లఘులేఖకులు రాసుకున్నారు. "డాక్టరు గంట ఆలస్యం. మా ఆవిడ మంచం మీద రేడియో వింటోంది. నూట పన్నెండు చెప్పింది విని, నన్ను గదిలో ఉండనివ్వలేదు. నేను వచ్చి ఈ పని చేసి వెళ్తే తప్ప ఆపరేషన్ బల్ల ఎక్కనంటోంది." ఎవరో నవ్వారు, వెంటనే ఆపుకున్నారు. "టీచరమ్మ నాకిచ్చిన మాట నిలబెట్టుకుంది. దాన్ని అడ్డం పెట్టుకుని గెలవడం నాకు చేతకాదు. ఆ మాట ఆవిడకు తిరిగి ఇచ్చేస్తున్నాను. నలభై ఒకటి ఓటు వేయడం లేదు."

ఆయన పార్టీ బెంచీల్లో ఇద్దరు లేచి అరిచారు. ఆయన చొక్కా చెయ్యి పైకి లాగి గడియారం చూసుకున్నాడు. వాళ్ళు కూర్చున్నారు. స్పీకరు నియమాల పుస్తకం ఒకసారి తిరగేసి, నూట పన్నెండును పిలవమని గుమస్తాకు తల ఊపింది.

గడియారం వెళ్ళిపోవడానికి నా వరుస పక్కనుంచే దారి. నా బల్ల దగ్గర ఆగాడు. ఏదో ఒకటి అనాలి నేను, కృతజ్ఞత లాంటిది, ముప్ఫై ఏళ్ళ నుంచి దాచిపెట్టుకున్న తిట్టు లాంటిది. ఆయన నన్ను చూడటం లేదు. తలెత్తి గ్యాలరీ వైపు చూస్తున్నాడు.

"టీచరమ్మా," అన్నాడు, నాకొక్కదానికే వినిపించేట్టు. "పైన తెల్ల కోటు పట్టుకున్న అమ్మాయి. ఆ ఎలుక ఈమేనా?"

తల ఊపాను.

"అనుకున్నాను. అప్పుడూ ఇలాగే కూర్చుంది." నీలం తొడుగులు తివాచీ మీద చప్పుడు లేకుండా తలుపు వైపు వెళ్ళిపోయాయి.

నూట పన్నెండు, అని పిలిచాడు గుమస్తా. ఎర్ర దీపం వెలిగింది. నేను లేచి తలెత్తి చూశాను. అంతమంది మధ్య, మొదటి వరుసలో, ముందుకు వంగి, ఒళ్ళో కోటును గ్లోబులా రెండు చేతులతో పట్టుకుని, నా కూతురు కళ్ళు గట్టిగా మూసుకుని కూర్చుంది.

"అనుకూలం," అన్నాను, గోడ అవతలికి వినిపించేంత గట్టిగా.